డిసెక్షన్‌కు విద్యార్థుల్ని సిద్ధం చేయడం: మేక గుండె, చేప, యాప్, ఫార్మలిన్ జాడీ... ఏది ఎవరికి?

బైపీసీ చదివి పశువైద్య డిగ్రీ బీవీఎస్సీలో చేరే పిల్లల్లో చాలామంది అప్పటిదాకా ఏ జీవి శరీరాన్నీ లోపలి నుంచి చూసి ఉండరు. రికార్డులో బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మ గీశారు, గుండె బొమ్మకు ఎరుపు, నీలం రంగులు వేశారు. అంతే. మొదటి సంవత్సరం అనాటమీ హాల్లో అడుగు పెట్టేసరికి బల్ల మీద ఎంబామింగ్ చేసిన (కుళ్ళకుండా రసాయనాలు ఎక్కించిన) మేక ఉంటుంది. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతుంటాయి. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని ఎవరూ నోరు విప్పరు. ఆ గంటలో టీచర్ చెప్పింది సగం కూడా బుర్రకెక్కదు. ఒకరిద్దరు కళ్ళు తిరిగి కూర్చుండిపోతారు.

ఈ టెన్షన్‌లో ఎక్కువ భాగం ముందే తగ్గించవచ్చు. ఎలా తగ్గించాలన్న దగ్గరే లెక్చరర్లు తేల్చుకోలేకపోతుంటారు. మటన్ షాపు నుంచి అవయవాలు తెచ్చి చూపించాలా, చేపలు కోయించాలా, యాప్‌తో సరిపెట్టాలా, మ్యూజియంలోని జాడీలు దించాలా? వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. వీలున్న ప్రతిచోటా మొదటి మెట్టు స్క్రీన్, రెండో మెట్టు మేక గుండె. మొత్తం జంతువు ఆ తర్వాతే.

ముందు చట్టం సంగతి

జువాలజీ, లైఫ్ సైన్సెస్ కోర్సుల్లో డిసెక్షన్లను (జీవుల్ని కోసి లోపలి భాగాలు చూడడాన్ని) దశలవారీగా తగ్గించమని విశ్వవిద్యాలయాల్ని పర్యవేక్షించే యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చింది. 2014లో డిగ్రీ, పీజీ రెండింటిలోనూ ఆపేయమంది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. పుస్తకాలు, నమూనాలు, సినిమాలతో పని జరిగే బడుల్లో, కాలేజీల్లో జంతువులపై ప్రయోగాలు వీలైనంతవరకు మానుకోవాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ అప్పుడే చెప్పింది. కాబట్టి డిగ్రీ కాలేజీ వాళ్ళు కప్పనో, బొద్దింకనో తెచ్చి కోయించే ఆలోచన పెట్టుకోవద్దు. కూర కోసం అమ్మే అవయవాలతో ప్రదర్శన చేయాలన్నా యూనివర్సిటీ సిలబస్ చూసి, ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బీవీఎస్సీ సంగతి వేరు. పశువైద్యుడయ్యే మనిషికి పశువు శరీరం తెలియకుండా కుదరదు కాబట్టి అక్కడ డిసెక్షన్ చదువులో భాగం.

ఏ కొలతలతో చూడాలి

అన్నిటికన్నా ముందు, ఆ రోజు పిల్లలు ఏం నేర్చుకోవాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. "గుండె కవాటాలు ఎటు తెరుచుకుంటాయో చేత్తో చూడాలి" అని రాసుకుంటే దానికి యాప్ చాలదు. "ఏ అవయవం ఎక్కడుంటుందో తెలియాలి" అని రాసుకుంటే అందుకోసం ఏ జీవినీ కోయనక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం రాసుకోకపోవడం వల్లే చాలా ప్రాక్టికల్స్ చూసి వచ్చేయడంతో ముగుస్తాయి.

రెండోది మనసు. శాకాహార కుటుంబాల పిల్లలు, ఇంట్లో మేకల్ని పెంచే పిల్లలు, రక్తం చూస్తే కళ్ళు తిరిగే పిల్లలు ఒకే బెంచీ మీద ఉంటారు. మూడోది భద్రత: బ్లేడు, రసాయనం, జంతువుల నుంచి సోకే జబ్బులు. ఖర్చు, సమయం ఆఖరున వస్తాయి. నిజానికి చాలా కాలేజీల్లో నిర్ణయం చేసేది అవే, కానీ మొదట చూడాల్సినవి కావు.

| మార్గం | బాగా నేర్పేది | నేర్పలేనిది | మనసుకు ఎంత బరువు | ఖర్చు | ముఖ్య జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| మటన్ షాపు అవయవాలు | కండ మందం, కవాటాలు, స్పర్శ | శరీరంలో అవయవాల అమరిక | మధ్యస్థం | తక్కువ | తాజాదనం, చేతుల శుభ్రత |
| చేప, రొయ్య, కోడి భాగాలు | మొత్తం శరీరం అమరిక, పరికరాల వాడకం | క్షీరదాల నిర్మాణం | తక్కువ | చాలా తక్కువ | ముళ్ళు, అలర్జీ |
| యాప్, వర్చువల్ ల్యాబ్ | స్థానం, వరస, పేర్లు | స్పర్శ, జీవికీ జీవికీ ఉండే తేడా | చాలా తక్కువ | ఉచితం నుంచి చాలా ఎక్కువ దాకా | ఏ జంతువుదో సరిచూడాలి |
| జాడీల్లోని స్పెసిమెన్లు | పోలిక, వైవిధ్యం | అసలు రంగు, మెత్తదనం | మధ్యస్థం | ఉన్నవి వాడితే ఏమీ లేదు | ఫార్మలిన్ |
| నేరుగా మొత్తం జంతువు | అన్నీ, సిద్ధమైన విద్యార్థికి | సిద్ధం కానివాళ్ళకు దాదాపు ఏమీ లేదు | చాలా ఎక్కువ | ఎక్కువ | బ్లేడు, ఫార్మలిన్, స్పృహ తప్పడం |

మటన్ షాపు అవయవాలు

నా ఓటు దీనికే. మేక ఎలాగూ మాంసం కోసం కోసిందే. క్లాసు కోసం ప్రత్యేకంగా ఒక ప్రాణం తీయలేదన్న మాట పిల్లలకు చాలా ఊరటనిస్తుంది. ఆ మాట ముందే, స్పష్టంగా చెప్పండి. ఇంకో సౌకర్యం కూడా ఉంది. పంది గుండె పరిమాణంలో మనిషి గుండెకు దగ్గరగా ఉంటుంది, గేదె గుండెలో అన్నీ పెద్దగా కనిపిస్తాయి. అయినా ఇక్కడి జూనియర్ కాలేజీ క్లాసులో అన్ని మతాల పిల్లలకూ తక్కువ అభ్యంతరం ఉండేది మేకతోనే.

షాపతనికి ముందు రోజే చెప్పాలి. గుండె చీల్చకూడదు, పైన గొట్టాలు రెండంగుళాలైనా వదలాలి. చెప్పకపోతే అలవాటు కొద్దీ మధ్యకు చీల్చి, గొట్టాలు మొదలంటా కోసేసి కవర్లో వేస్తారు. ఆ గుండెతో కవాటాల పాఠం చెప్పలేరు. ఆదివారం రద్దీలో ఇలాంటి మాటలు వినే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు కాబట్టి మామూలు రోజు పెట్టుకోండి. పశువైద్యుడు పరీక్షించి ముద్ర వేసే కబేళా నుంచి వచ్చిన సరుకైతే మరీ మంచిది. గర్భసంచి, పిండం జోలికి మాత్రం వెళ్ళొద్దు. బ్రూసెల్లా లాంటి బ్యాక్టీరియా అక్కడ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

గుండె తెచ్చాక వెంటనే కత్తి పట్టకండి. ముందు చేతిలోకి తీసుకుని రెండు వైపులా నొక్కమనండి. గట్టిగా తగిలేది ఎడమ జఠరిక (గుండె కింది గది), మెత్తగా లోపలికి పోయేది కుడి జఠరిక. ఎడమ గోడ కుడిదానికన్నా సుమారు మూడు రెట్లు మందం. ఒకటి ఒళ్ళంతా రక్తం పంపాలి, రెండోది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు. పుస్తకంలో చదివిన ఆ వాక్యం వేళ్ళకు తెలిసిన క్షణం నుంచి గది వాతావరణం మారిపోతుంది. అప్పటిదాకా వెనక నిలబడినవాళ్ళు కూడా ముందుకొస్తారు.

తర్వాత లోపలి రక్తపు గడ్డలు కడిగేసి, మహాధమనిలోకి పైనుంచి నీళ్ళు పోయండి. అర్ధచంద్రాకార కవాటాలు నిండి మూసుకుంటాయి, నీళ్ళు జఠరికలోకి దిగవు. కొంచెం కారుతుంటే గాభరా పడకండి. గుండె కండకే రక్తమిచ్చే కరోనరీ ధమనులు ఆ కవాటాల పైనుంచే మొదలవుతాయి, నీళ్ళు అటు పోతుంటాయి. అది కూడా పాఠమే. ఆ తర్వాతే ఎడమ జఠరికను కొస దాకా కోయాలి. ద్విపత్ర కవాటాన్ని పట్టి ఉంచే తెల్లటి దారాల్లాంటి తంతువులు కనిపిస్తాయి. వాటిని ఫోర్సెప్స్‌తో లాగి చూడమనండి. అంత సన్నగా ఉన్నా తెగవు.

కిడ్నీతో ఒక జాగ్రత్త ఉంది. పిల్లల పుస్తకంలోని బొమ్మ మనిషి కిడ్నీది, అందులో పిరమిడ్లు (త్రికోణాకారపు భాగాలు) చాలా ఉంటాయి. మేక కిడ్నీని నిలువుగా కోస్తే అవన్నీ కలిసిపోయి ఒకే గట్టులా కనిపిస్తాయి. ముందే చెప్పకపోతే "మేడమ్, మాది తప్పుగా కోశామా?" అని అడుగుతారు. గేదె కిడ్నీకైతే పైనే తమ్మెలు కనిపిస్తాయి. బీవీఎస్సీ పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే జన్మలో మరిచిపోరు.

కన్ను చాలా అందమైన పాఠం. తాజా కంటిలోంచి తీసిన కటకం గాజులా ఉంటుంది, అచ్చు కాగితం మీద పెడితే కింది అక్షరాలు కనిపిస్తాయి. వెనక గోడకు నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే పొర ఉంటుంది. రాత్రి పూట లైటు పడితే మేక కళ్ళు మెరిసేది దానివల్లే, మనిషికి అది లేదు. అయితే కంటి బయటి గోడ గట్టిది, కత్తెర జారుతుంది. మొదటి కోత టీచరే పెట్టాలి. పైగా కన్ను మనల్ని చూస్తున్నట్టుంటుంది కాబట్టి కొందరికి గుండె కన్నా ఇదే ఎక్కువ ఇబ్బంది. మొదటి రోజు వద్దు.

శ్వాసనాళంతో సహా ఊపిరితిత్తులు దొరికితే సైకిల్ పంపుతో గాలి కొట్టండి. నోటితో ఊదడం మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు. మెదడు కోసం ప్రయత్నించవద్దని నా సలహా. తలకాయ కొట్టేటప్పుడు అది నలిగిపోతుంది. నలగకుండా వచ్చినా తాజాగా ఉన్నప్పుడు మరీ మెత్తగా ఉండి శుభ్రంగా తెగదు.

రోజు ఎంచుకునేటప్పుడు క్యాలెండర్ చూడండి. కార్తీక, మార్గశిర మాసాల్లో క్లాసులో మాల వేసుకున్న పిల్లలుంటారు. అయ్యప్ప దీక్ష 41 రోజులు. ఆ రోజుల్లో మాంసం ముట్టుకోమనడం, లేదా అందరి ముందూ "నువ్వు బయటికెళ్ళు" అనడం రెండూ తప్పే. ప్రాక్టికల్‌ను కొన్ని వారాలు ముందుకో వెనక్కో జరిపితే పోయేదేమీ లేదు.

చేప, రొయ్య, కోడి

పరికరాలు పట్టుకోవడం నేర్పడానికి దీనికి మించింది లేదు. డిసెక్షన్ బాక్సు కొన్న పిల్లల్లో చాలామందికి కత్తెర మొద్దు కొస లోపలి వైపు ఉండాలని, స్కాల్పెల్‌ను (కోత కత్తిని) పెన్నులా పట్టాలని తెలియదు. అవి చేప మీద నేర్చుకోవడం మేలు.

బజార్లో రోహు దొరుకుతుంది. కడుపు శుభ్రం చేయకుండా ఇవ్వమని చెప్పాలి, చచ్చిన చేపనే తీసుకోవాలి. రెండు గదుల గాలితిత్తి, మొప్పల వెనకే రెండు గదుల గుండె, గొంతులో పళ్ళు కనిపిస్తాయి. జీర్ణాశయం ఎక్కడని వెతుకుతారు. రోహు లాంటి కార్ప్ చేపలకు అసలు జీర్ణాశయం ఉండదు, పొడవాటి పేగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వెనామీ రొయ్యలు మన దగ్గర ఏ ఊళ్ళోనైనా దొరికేవే. వంటింట్లో వీపు మీద నుంచి తీసేసే నల్లటి దారం దాని పేగు. నాడీ దండం పొట్ట వైపు ఉంటుంది. ఉపాంగాలు (కాళ్ళు, మీసాల్లాంటివి) 19 జతలు. తల దగ్గరివి 5, ఉరానివి (ఛాతీ భాగానివి) 8, ఉదరానివి 6. వాటిని విడదీసి వరసగా కాగితం మీద పేర్చడం ఒక గంట పని, ఎవరికీ వెగటు అనిపించదు. రొయ్య పడని పిల్లలున్నారేమో మాత్రం ముందు రోజే అడగండి.

కోడి కాలులో స్నాయువులు (కండను ఎముకకు కట్టే తాళ్ళు) పట్టి లాగితే వేళ్ళు ముడుచుకుంటాయి. కందనకాయ కోస్తే పళ్ళు లేని జీవి గింజను ఎలా నూరుతుందో తెలిసిపోతుంది.

కోస్తా ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్లో కొందరు ఇంట్లో చేపలు బాగు చేసే అలవాటున్నవాళ్ళు. మార్కుల్లో వెనకబడిన అమ్మాయి ఇక్కడ అందరికన్నా నేర్పుగా చేసి చూపించవచ్చు. ఆమెనే గ్రూపుకు పెద్దను చేయండి.

యాప్‌లు, వర్చువల్ ల్యాబ్‌లు

అమృత విశ్వవిద్యాపీఠం పాలుపంచుకున్న ఓల్యాబ్స్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. మనిషంత పొడవున్న స్క్రీన్‌పై శరీరాన్ని పొరలు పొరలుగా విప్పి చూపే అనాటమేజ్ టేబుల్ ఖరీదైనది, మామూలు కాలేజీ దాని గురించి ఆలోచించనక్కర్లేదు. యాప్ బలం ఒక్కటే: పదిసార్లు తప్పు చేసినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. భయపడే విద్యార్థి తన గదిలో, తనకు నచ్చిన వేగంతో, ముందు రోజు రాత్రి చూసుకోవచ్చు. ఏం కనబడబోతోందో తెలిసినవాళ్ళకు భయం సగం తగ్గుతుంది.

బలహీనత ఏమిటంటే అందులో ప్రతి శరీరం ఒకేలా ఉంటుంది. కొవ్వు ఉండదు, నాడులన్నీ పసుపు, ధమనులన్నీ ఎరుపు. దానికే అలవాటుపడ్డ విద్యార్థి అసలు శరీరంలో అన్నీ ఒకే లేత గోధుమ రంగులో కనిపించేసరికి దిక్కు తోచక నిలబడిపోతాడు. డిగ్రీ జువాలజీకి యాప్ చాలు. బీవీఎస్సీకి అది ముందు రోజు హోంవర్క్ మాత్రమే.

యూట్యూబ్ వీడియోలు పంపేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా మీరు చూసి పంపండి. బతికున్న జంతువును కోస్తున్న పాత వీడియోలు కూడా అక్కడ తిరుగుతుంటాయి. అలాంటిది ఒక్కటి చూస్తే మీ సన్నాహమంతా వృథా.

జాడీల్లో ఉన్నవి

పాత డిగ్రీ కాలేజీల జువాలజీ మ్యూజియంలో సొరచేప, పాము, గబ్బిలం బీరువాల్లో ఉంటాయి. వాటిని వాడండి, కొత్తవి కొనకండి. జీవుల మధ్య పోలిక నేర్పడానికి అవి చక్కగా పనికొస్తాయి. ఫార్మలిన్‌తోనే జాగ్రత్త. సీసాలో అమ్మే ఫార్మలిన్‌లో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపితే మనం వాడే పది శాతం ద్రావణం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. జాడీ మూత తీయాల్సిన పనే లేదు. తీయక తప్పకపోతే స్పెసిమెన్‌ను ముందు రాత్రంతా పారే నీళ్ళలో ఉంచి, కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని ముట్టుకోండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళు ఆ రోజు కళ్ళద్దాలతో రావాలి.

వాసన లేని దారి కూడా ఒకటుంది. 1977లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మొదలైన ప్లాస్టినేషన్ పద్ధతిలో కణజాలంలోని నీటి స్థానంలో ప్లాస్టిక్ నింపుతారు. ఆ నమూనాలు పొడిగా ఉంటాయి, చేత్తో పట్టుకోవచ్చు. దగ్గర్లోని వెటర్నరీ, మెడికల్ కాలేజీల్లో ఉన్నాయేమో కనుక్కుని పిల్లల్ని ఒక పూట తీసుకెళ్ళవచ్చు.

మీకు ఏది సరిపోతుంది

ఇంటర్ లెక్చరర్ అయితే, ఒక పూట యాప్, ఇంకో పూట మేక గుండె. అంతకు మించి అక్కర్లేదు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్క గుండె పెట్టి చుట్టూ నిలబెట్టకండి, వెనకవాళ్ళకు రక్తం వాసన తప్ప ఏమీ అందదు. ఆరుగురికి ఒక గుండె చొప్పున, బ్యాచ్‌లుగా చేయండి.

డిగ్రీ జువాలజీ వాళ్ళకు యాప్, మ్యూజియం. అనుమతి ఉంటే, ఇష్టమున్న విద్యార్థులకు మార్కులతో సంబంధం లేకుండా అవయవ ప్రదర్శన.

తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ లాంటి చోట్ల బీవీఎస్సీలో చేరినవాళ్ళకు అన్ని మెట్లూ కావాలి. మొదటి వారం ఎముకలు, రెండో వారం తాజా అవయవాలు, ఆ తర్వాత ఎంబామింగ్ చేసిన శరీరం. మొదట ముందరి కాలు మాత్రమే తెరిచి మిగతా శరీరం గుడ్డతో కప్పి ఉంచితే చాలామందికి తేలికవుతుంది. ముఖం చివరికి వదిలేయండి. మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఆ జంతువు గురించి, అది ఎక్కడి నుంచి వచ్చిందో మాట్లాడండి. ఎంబీబీఎస్‌లో మృతదేహం ముందు ప్రతిజ్ఞ చేయించే పద్ధతి ఉంది. జంతువు ముందు అలాంటి మర్యాద ఎందుకు ఉండకూడదు? ఫోన్లు బయట పెట్టించండి. సెల్ఫీలకు, వెక్కిరింపులకు చోటిస్తే మొదట గాయపడేది లోలోపల భయపడుతున్న విద్యార్థే.

ఏ మార్గమైనా ఆ రోజు పిల్లలు టిఫిన్ తిని రావాలి. ఖాళీ కడుపుతో, మోకాళ్ళు బిగబట్టి నిలబడ్డవాళ్ళే ఎక్కువగా పడిపోతారు. తల తిరుగుతోందంటే వెంటనే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి, చుట్టూ గుంపును పంపేయండి. క్లాసయ్యాక బల్లలు బ్లీచింగ్‌తో తుడిచి, వ్యర్థాల్ని లోతుగా పాతిపెట్టండి. కుక్కలు తవ్వేలా పారేస్తే అప్పటిదాకా మీరు నేర్పిన గౌరవానికి అర్థం ఉండదు.

విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులకు

అమెరికా హైస్కూల్ అనాటమీ క్లాసుల్లో కప్ప, పంది పిండం, కొన్నిచోట్ల పిల్లి కూడా ఉంటాయి. శాకాహార తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లకు ఇది నెలల ముందు నుంచే దిగులు. కొన్ని రాష్ట్రాల్లో, నైతికంగా అభ్యంతరమున్న విద్యార్థికి వేరే పద్ధతి ఎంచుకునే హక్కు చట్టంలోనే ఉంది. ఫ్లోరిడాలో 1985లో, కాలిఫోర్నియాలో 1988లో ఈ చట్టాలొచ్చాయి. కాలిఫోర్నియాలో తల్లిదండ్రుల నుంచి ఉత్తరం కావాలి. డిసెక్షన్ వారం దాకా ఆగకుండా, స్కూలు తెరిచి సిలబస్ ఇచ్చిన వెంటనే టీచర్‌కు మెయిల్ పెట్టండి. అంతకుముందు అమ్మాయినే అడగండి. తను చేయాలనుకుంటుంటే ఇంటి ఆచారం పేరుతో ఆపొద్దు. వద్దంటుంటే గ్రేడు కోసం బలవంతం చేయొద్దు. మెయిల్‌లో మూడు విషయాలు అడిగితే చాలు: ప్రత్యామ్నాయం ఏమిటి, దానికీ అవే పాయింట్లు ఉంటాయా, మిగతావాళ్ళు కోస్తున్న ఆ గంటలో మా అమ్మాయి ఎక్కడ కూర్చుంటుంది.